హనుమక్క చదును చేసిన దిబ్బ

హనుమక్కకు కోపం రాని రోజంటూ ఉంటే ఆ రోజు ఆమెకు జ్వరం తగిలిందని అర్థం. బెంగళూరు మారతహళ్ళిలో మా స్కూలు వెనక రేకుల షెడ్లలో ఉండేవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. నీళ్ళ ట్యాంకరు డ్రైవరు ఆమె బిందె నిండేదాకా పైపు తీసేవాడు కాదు. ఎంత పెద్ద మేస్త్రీ అయినా ఆమెతో మాట్లాడాలంటే నోట్లో వక్కపొడి ఉమ్మేసి వచ్చేవాడు. ఆమె మొగుడు తిరుపాలు మాత్రం నవ్వుతూ, "మా ఇంట్లో పొయ్యి అంటించనీకి అగ్గిపెట్టెతో పనిల్యా టీచరమ్మా" అనేవాడు.

నేను ఆ స్కూల్లో డ్రిల్లు టీచర్ని. పేరు భారతి. కాటన్‌పేటలో పుట్టి పెరిగాను. మా తాత నాటి నుంచి అక్కడ మాకు బట్టల కొట్టు. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. హనుమక్క గురించి రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. కూర్చున్న ప్రతిసారీ ఆ రోజు జరిగింది గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయి లేచిపోతున్నాను. ఈసారి మంటతోనే రాస్తున్నాను. చల్లని కబుర్లు కావాలనుకునేవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు.

ఆమెది కదిరి పక్క ఒక ఊరు. తొంభైల మొదట్లో వరసగా వానలు తప్పితే మొగుడితో, మరిదితో కలిసి బెంగళూరు వచ్చింది. మట్టిపని వాళ్ళ వృత్తి. పునాదులు, సెల్లార్లు, పైపుల కాలువలు, ఏది తవ్వాలన్నా వాళ్ళ ముఠానే పిలిచేవాళ్ళు. ఔటర్ రింగ్ రోడ్డు పక్క ఇవాళ కార్లు పెట్టుకుంటున్న గుంతల్లో సగం హనుమక్క తట్టలతో ఎత్తిపోసినవే. ఆ కార్లవాళ్ళు అద్దం దించి, "ఏయ్, పక్కకు జరుగు" అన్నప్పుడు ఆమె జరిగేది కాదు. తట్ట నెత్తిన పెట్టుకుని అక్కడే నిలబడి, "నువ్వు జరుగు, నీకు చక్రాలుండాయి" అనేది.

మట్టిపనిలో ఒక పద్ధతి ఉంది. మెరక నేలను చెక్కి చదును చేసేటప్పుడు మధ్యలో అక్కడక్కడ ఒక దిమ్మను తాకకుండా వదిలేస్తారు. నేల మొదట ఎంత ఎత్తున ఉండేదో ఆ దిమ్మ చెబుతుంది. ఇంజనీరు వచ్చి దాని పక్కన టేపు పెట్టి కొలిస్తే ఎంత మట్టి తీశారో తేలుతుంది. దాన్ని వాళ్ళు సాక్షి అంటారు. కొలత అయిపోయాక సాక్షిని కూడా కొట్టేసి నేలను సమం చేస్తేనే పని ముగిసినట్టు. సాక్షిని నిలబెట్టి వెళ్ళిపోయిన ముఠాను మిగతా ముఠాలవాళ్ళు ఏడాది పొడుగునా ఆడిపోసుకుంటారు. ఒకసారి వైట్‌ఫీల్డ్ దగ్గర హనుమక్క మరిది రామాంజి అట్లా ఒకదాన్ని మరిచిపోయి వస్తే, సంగటి ముద్ద నోట్లో పెట్టుకోబోతున్నవాణ్ణి లేపి వెనక్కి పంపించింది. అతను బస్సులో పోయి దాన్ని కొట్టి వచ్చి తిన్నాడు.

వాళ్ళకు ఒక్కతే కూతురు, సంధ్య. కాంక్రీటు పోసిన స్లాబు గట్టిపడేదాకా కుక్కలు తొక్కకుండా చూడడం సైట్లలో పిల్లల పని. మామూలు పిల్లలు రాళ్ళు విసిరి కుక్కను కొడతారు. దెబ్బ తిన్న కుక్క అరుస్తూ పచ్చి స్లాబు మీదే అడ్డంగా పరిగెత్తుతుంది. సంధ్య అట్లా కాదు. మట్టిపెళ్ళ విసిరితే అది సరిగ్గా కుక్క ముక్కు ముందు పడి పగిలేది. కుక్క బెదిరి వచ్చిన దారినే పోయేది. ఒక మధ్యాహ్నం స్కూలు గోడ మీద నుంచి నేను ఆ విసురు చూశాను. చూసి, మరుసటి రోజే హనుమక్క షెడ్డుకు పోయాను.

అప్పటికి ఏదో కంపెనీవాళ్ళు మా స్కూలుకు బేస్‌బాల్ సామాను దానం చేసి ఫోటోలు దిగి వెళ్ళిపోయారు. ఆ ఆట ఎట్లా ఆడాలో చెప్పేవాళ్ళు లేరు. నేనే పుస్తకాలు తిరగేసి, వీడియో క్యాసెట్లు చూసి నేర్చుకున్నాను. అందులో బంతి విసిరే ఆటగాణ్ణి పిచర్ అంటారు. బ్యాటు పట్టినవాడి మోకాలికీ ఛాతీకీ మధ్యగా, నేల మీద పరిచిన పలక మీదుగా బంతి పోవాలి. అట్లా పోయిన మూడు బంతులను కొట్టలేకపోతే వాడు అవుట్. దారి తప్పిన బంతులు నాలుగు పడితే మాత్రం వాడు బ్యాటు పక్కన పడేసి ఊరకే మొదటి బేసుకు నడిచి పోతాడు. బేసులంటే నేల మీద పెట్టిన నాలుగు గుర్తులు, వాటన్నిటినీ చుట్టి వస్తే ఒక పరుగు. అసలైన మైదానంలో పిచర్ నిలబడేది గుండ్రటి మట్టి దిబ్బ మీద. దాని నడినెత్తిన ఒక తెల్లటి రబ్బరు పలక ఉంటుంది. మా స్కూల్లో దిబ్బ ఎక్కడిది? చదును నేలలో ఒక ఇటుక పాతి, దాని మీద కాలు ఆనించి విసరమనేదాన్ని. సంధ్య అట్లాగే నేర్చుకుంది. రెండేళ్ళు తిరిగేసరికి మగపిల్లలు ఆమె బంతి ముందు బ్యాటు పట్టుకోవడానికి జంకేవాళ్ళు.

రెండువేల నాలుగు డిసెంబరులో ఆసియా దేశాల పిల్లల బేస్‌బాల్ పోటీలు బెంగళూరులో పెడతామన్నారు. పన్నెండేళ్ళ వయసు దాకా ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే టీములో ఆడొచ్చు. మన దేశం టీముకు నన్ను సహాయ కోచ్‌గా పెట్టి, సంధ్యను టీములోకి తీసుకున్నారు. అందులో ఆమె ఒక్కతే ఆడపిల్ల. ఆ మాట చెప్పడానికి పోతే హనుమక్క సంతోషించడానికి బదులు నా మీద లేచింది.

"అంతమంది మొగపిల్లోళ్ళు. ఎవడన్నా నా బిడ్డ మీద చెయ్యి చేసుకుంటే?"

"అట్లాంటి ఆట కాదు హనుమక్కా. అంపైరు ఉంటాడు, నేనూ ఉంటాను."

"మీరిద్దరూ ఏం చేస్తారు. నేనుంటా" అంది. ఆమె ఒప్పుకోవడం అంటే అదే.

పోటీల సంఘానికి అధ్యక్షుడు మునినారాయణప్ప. రోడ్డు కాంట్రాక్టులు, రెండు కల్యాణ మంటపాలు ఉన్నాయి. బేస్‌బాల్ బంతికి ఎర్ర కుట్టు ఎందుకుంటుందని నన్ను అడిగి, జవాబు వినకుండా ఫోన్ ఎత్తుకున్న మనిషి. పిల్లల శిబిరం మా స్కూలు మైదానంలోనే జరిగింది. శిబిరం మొదలైన రోజే అతని దగ్గరికి పోయి, పిచర్లు దిబ్బ మీద నిలబడి అలవాటు చేసుకోవాలి, రెండు లారీల మట్టి పోయించండి అని అడిగాను. "అసలు గ్రౌండే తయారవతా ఉంది కదమ్మా, అంతా ఒకేసారి చూసుకోవచ్చు" అన్నాడు. మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే మాట. మూడోసారి అతని మనిషి నన్ను గేటు దగ్గరే ఆపేశాడు. రెండు లారీల మట్టి. అతని కల్యాణ మంటపం ముందు పూలకుండీలకు అంతకంటే ఎక్కువ మట్టి పట్టింది.

పోటీలు జరిగే ఆ అసలు గ్రౌండు చదును చేసే పని తిరుపాలు ముఠాకే వచ్చింది. హనుమక్క మిగతా పనులన్నీ వదిలేసింది. మట్టిని జల్లెడ పట్టించింది. "నా బిడ్డ ఉరికే నేల ఇది. ఒక్క గులకరాయి దాని కాలికి తగిలినా మీ సంగతి చూస్తా" అని మరిదిని, మొగుణ్ణి, పనికొచ్చిన ఆడవాళ్ళను, ఎవరినీ వదలకుండా తిట్టింది. ఆ ఆడవాళ్ళలో పెద్దది మునివెంకటమ్మ నాతో చెప్పింది, "ఏ సైటులోనూ ఇంత తిట్లు తినలేదమ్మా, ఇంత మంచి నేలా చేయలేదు." రెండు సాక్షులు వదిలారు. ఇంజనీరు కొలిచాడు. వాటినీ కొట్టేసి, దిమ్మిసలతో కొట్టి, నీళ్ళు చల్లారు. నేల అద్దంలా వచ్చింది.

పోటీలు రేపనగా, సాయంత్రం ముఠా ఇంటికి పోయాక తోటపని కంపెనీవాళ్ళు వచ్చారు. ప్లాను ప్రకారం నట్టనడుమ పిచర్ దిబ్బ పోసి, నెత్తిన రబ్బరు పలక పెట్టి, పోటీలు పర్యవేక్షించడానికి జపాన్ నుంచి వచ్చిన పెద్దమనిషితో కొలిపించుకుని పోయారు. ఆ ప్లాను కాగితం మునినారాయణప్ప కారు వెనక సీటులో చుట్టచుట్టి పడి ఉండేది. ఆ మైదానంలో నెల రోజులు ఎండలో నానా చాకిరీ చేసిన పదిమందికి అక్కడ దిబ్బ ఒకటి లేస్తుందని చెప్పాలని ఎవరికీ తోచలేదు, శిబిరం గొడవలో పడి నాకూ తోచలేదు. తోచదు. పలుగూ పారా చెప్పినట్టు వింటాయి, వాటికి ప్లాను చూపించే అలవాటు ఎవరికుంది?

తెల్లారి నీళ్ళు చల్లడానికి హనుమక్క, మునివెంకటమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. వచ్చి చూస్తే మైదానం నడిమధ్య దిబ్బ. హనుమక్కకు తల తిరిగిపోయిందట. ఆఖరి సాక్షిని కొట్టే పని మగవాళ్ళకు వదిలి ఆమె ముందురోజు పెందలాడే ఇంటికి పోయింది. మనవాళ్ళు సాక్షి ఒకటి మరిచిపోయి పోయినారు, దాని మీద ఎవడో నాలుగు తట్టల మట్టి కూడా కుమ్మరించి పోయినాడు అనుకుంది. అన్ని దేశాల పిల్లలు వచ్చే పొద్దు. సొంత బిడ్డ ఆడే పొద్దు. తట్టుకుని పడితే ఎవరిది పాపం? అక్కడ లేని తిరుపాలును, రామాంజిని పేరు పేరునా తిడుతూ పలుగు అందుకుంది. నలుగురూ కలిసి దిబ్బను తవ్వి, మట్టిని నలువైపులా పరిచి, దిమ్మిసతో కొట్టి, నీళ్ళు చల్లారు. రబ్బరు పలకను తీసుకుపోయి కొళాయి దగ్గర కాళ్ళు కడుక్కోవడానికి బాగుంటుందని వేశారు. ఆఖర్న, శుభమా అని ఆట మొదలయ్యే చోటు కదా అని, దిబ్బ ఉన్న చోటే హనుమక్క చక్కగా చుక్కల ముగ్గు పెట్టింది.

నేను పిల్లల బస్సు దిగేసరికి మునినారాయణప్ప ఆ ముగ్గు పక్కన నిలబడి ఉన్నాడు. జపాన్ పెద్దమనిషి చేతిలో టేపు పట్టుకుని ముగ్గు వైపు, అతని వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. మాతో ఆడాల్సిన తైవాన్ పిల్లలు మైదానం చుట్టూ కట్టిన తాడు అవతల వరసగా కూర్చుని అరటిపళ్ళు తింటున్నారు.

"యారు మాడిద్దు ఇదు?" అని మునినారాయణప్ప కన్నడంలో అరిచాడు, ఎవరు చేశారిది అని.

హనుమక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ నవ్వు మొహంతో ముందుకొచ్చింది. మెచ్చుకుంటాడనుకుంది. "నేనే చేసినా సామీ. మావోళ్ళు సాక్షి వదిలేసి పోయినారు, తప్పయింది. ఇప్పుడు చూడండి ఎట్లుండాదో" అంది.

అతను ఆమె కులం పేరు పెట్టి ఒక మాట అన్నాడు. తెలుగులోనే అన్నాడు, ఆమెకు బాగా అర్థం కావాలని. ఆ మాట నేనిక్కడ రాయను, నా కాగితం పాడుచేసుకోను. హనుమక్క మొహంలో నవ్వు అట్లాగే కాసేపు ఉండిపోయింది. తరువాత నా వైపు తిరిగి, "ఎందుకు తిడతాండాడు టీచరమ్మా ఈయప్ప?" అంది.

నేను చెప్పాను. "అది సాక్షి కాదు హనుమక్కా. ఆట కోసం పోసిన దిబ్బ. బంతి విసిరేవాళ్ళు దాని మీదే నిలబడాలి. సంధ్య నిలబడేది దాని మీదే."

ఆమె ముగ్గు వైపు చూసింది. "ఎవరన్నా ఒక మాట చెప్పింటే ఏమప్పా" అంది. గొంతు పెంచలేదు. హనుమక్క గొంతు పెంచకపోవడం నేను చూసింది అప్పుడే.

అక్కడితో ఆగి ఉంటే దిబ్బ మళ్ళీ పోసుకుని ఆట ఆడుకునేవాళ్ళం. కానీ విదేశీవాళ్ళు చూస్తున్నారు, పేపరువాళ్ళు వస్తారు. మునినారాయణప్పకు ఎవరో ఒకరిని వేలెత్తి చూపించాల్సిన అవసరం వచ్చింది. "వీళ్ళను గేటు బయటికి పంపండి. ఈమె కూతుర్ని టీములోంచి తీసెయ్ టీచరమ్మా. తల్లి గ్రౌండు తవ్వి, కూతురు అదే గ్రౌండులో ఆడితే జనం నా మొహాన నవ్వుతారు" అన్నాడు.

బస్సు పక్కన నీలం యూనిఫారంలో సంధ్య నిలబడి అంతా వింటోంది. తప్పు ఎవరి కారులో చుట్టచుట్టి పడి ఉందో అందరికీ తెలుసు. శిక్ష పన్నెండేళ్ళ పిల్లకు. నేను నాకు తెలిసిన మర్యాదలన్నీ మరిచిపోయి అతనితో వాదించాను. అతను నా మాట వినకుండా ఫోన్ తీశాడు. తిరుపాలు ఎక్కడినుంచో పరిగెత్తుకొచ్చి, రెండు చేతులూ జోడించి, "సామీ, ఆడదానికి తెలీదు, బిడ్డను మాత్రం తీసెయ్యద్దండి" అని వంగబోయాడు.

"చేతులు దించు" అంది హనుమక్క.

తిరుపాలు దించేశాడు. ఆమె నేరుగా పోయి ముగ్గు మధ్యలో కూర్చుంది. "దిబ్బ పోస్తా. నా తప్పు నేను దిద్దుకుంటా, ఎంత ఎత్తు కావాలంటే అంత ఎత్తు పోస్తా. నా బిడ్డను తీసేస్తామంటే మాత్రం ఈడనే ఉంటా. మీ దిబ్బ నా మీద పోసుకోండి" అంది.

మునివెంకటమ్మ వచ్చి పక్కన కూర్చుంది. మిగతా ఇద్దరూ వచ్చారు. కానిస్టేబుల్‌ను పిలిచారు. అతను నలుగురు ఆడవాళ్ళను, తాడు వెంట కూర్చున్న విదేశీ పిల్లలను, వాళ్ళ మెడల్లో వేలాడుతున్న కెమెరాలను చూసి, "ఆడ పోలీసులు రావాలి సార్" అని టీ తాగడానికి పోయాడు. ప్రారంభోత్సవానికి రావలసిన పెద్దవాళ్ళ కార్లు దగ్గరికి వచ్చేశాయని కబురు వచ్చింది. అప్పుడు మునినారాయణప్ప మెత్తబడ్డాడు. మనసు కరిగి కాదు, చెమటలు పట్టి.

"సరే, ఆడించుకో. ముందు ఈమెను లేవమను" అని నాతో అన్నాడు.

"టీచరమ్మకు కాదు" అంది హనుమక్క. "ఆ పిల్లోళ్ళ ముందర చెప్పు."

అతను టీము పిల్లల ముందుకు పోయి, వాచీ చూసుకుంటూ, సంధ్య ఆడుతుందని చెప్పాడు. హనుమక్క లేచింది.

ఆ తరువాత వాళ్ళు పని చేసిన తీరు చూసి ఏడుపొచ్చింది నాకు. జపాన్ పెద్దమనిషి టేపు పట్టి చెయ్యి ఊపడం, ఈమె ఆ చేతి సైగను బట్టి మట్టి పోయించడం, కొట్టించడం. ముందువైపు వాలుగా రావాలని అతను అరచెయ్యి వంచి చూపిస్తే ఆమె కూడా అట్లాగే వంచి చూపించేది. కొళాయి దగ్గరి పలక కడిగి తెచ్చి నెత్తిన పెట్టారు. ఆట ఆలస్యంగానైనా మొదలైంది.

మొదట తైవాన్‌వాళ్ళు బ్యాటు పట్టారు. సంధ్య దిబ్బ ఎక్కింది. హనుమక్క తాడు అవతల, కూలివాళ్ళతో కలిసి నిలబడింది. కూతురి ఆట ఆమె చూడడం అదే మొదలు. పగలంతా పనిలో ఉండే మనిషికి స్కూలు ఆటలు చూసే తీరికెక్కడిది?

మొదటి బంతి బ్యాటు దగ్గరి పలకకు ముందే నేల కొట్టుకుని పక్కకు పోయింది. రెండోది ఆ పలక వెనక బంతి పట్టడానికి కూర్చున్న క్యాచరు తల మీదుగా పోయి కంచెకు తగిలింది. కుక్క ముక్కు ముందు మట్టిపెళ్ళ వేసే చెయ్యి అది. ఏమైందో నాకు వెంటనే అర్థమైంది. చదును నేల మీద అడుగు వేసి విసరడం వేరు, దిబ్బ మీద నుంచి కిందికి అడుగు వేస్తూ విసరడం వేరు. ముందు కాలు నేల అనుకున్న చోట నేల ఉండదు, ఇంకా కిందికి పోతుంది. చెయ్యి ఆలస్యమవుతుంది, బంతి దారి తప్పుతుంది. ఒక వారం దిబ్బ మీద నిలబడనిస్తే ఏ పిల్లకైనా సర్దుకుంటుంది. ఈ పిల్ల దిబ్బ ఎక్కడం ఇదే మొదటిసారి.

తైవాన్ పిల్లవాడు బ్యాటు పడేసి మొదటి బేసుకు నడిచాడు. తరువాతివాడూ నడిచాడు.

"వాడు బంతి కొట్టనే లేదు. ఊరకే ఎందుకు పోతాండాడు?" అని హనుమక్క అంపైరు మీద అరిచింది. నేను పోయి తాడు దగ్గర నిలబడి విషయం చెప్పాను.

"అంటే ఇది తప్పు వేస్తాండాదా?"

"అవును."

ఆమె దిబ్బ వైపు తిరిగింది. మూడోవాడు మూడు బంతులు కొట్టలేక అవుటయ్యాడు. అది చూసి కూలివాళ్ళు చప్పట్లు కొట్టారు. మళ్ళీ నడకలు. బేసులు నిండిపోయి, వెనకవాడు నడిస్తే ముందున్నవాళ్ళు తలా ఒక బేసు జరుగుతూ, బ్యాటు తాకకుండానే వాళ్ళకు పరుగులు రాసాగాయి. వేదిక మీద కూల్ డ్రింకు తాగుతూ మునినారాయణప్ప నన్ను పిలిచి, అందరికీ వినబడేలా, "చూసినావా టీచరమ్మా? అందుకే వద్దన్నా" అన్నాడు. ఆ సీసా అతని చేతిలోంచి లాగి విసిరికొట్టాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

నేను అంపైరును అడిగి దిబ్బ దగ్గరికి పోయాను. సంధ్య కళ్ళలో నీళ్ళు లేవు, భయం ఉంది. "మిస్, కాలు కిందికి పోతాండాది. బంతి నా మాట వినడం లేదు" అంది. చిన్న అడుగు వెయ్యి అన్నాను. వేసింది. ఇంకో బంతి నేల తాకింది. ఢిల్లీ నుంచి వచ్చిన ప్రధాన కోచ్ ఆమెను తప్పించి ఇంకో పిల్లవాణ్ణి దించాడు. ఆ పిల్లవాడి ఊళ్ళో స్కూల్లోనే దిబ్బ ఉందట. అతను బాగానే విసిరాడు. అయినా చిత్తుగా ఓడిపోయాం.

ఆట అయ్యాక సంధ్య గ్లౌజు మొహానికి అడ్డం పెట్టుకుని తాడు దగ్గరికి వచ్చింది. హనుమక్క ఆమె రెండు భుజాలూ పట్టుకుంది.

"నేను పోసింది సరిగా లేదా? యాడన్నా కుంగిందా?"

"లేదు మా. గట్టిగానే ఉండె."

"మరి?"

సంధ్య గ్లౌజు తీసింది. "పొద్దున నువ్వు చేసిందే బాగుండె మా. చదునుగా."

హనుమక్క నా వైపు తిరిగింది. "దీన్ని ముందెప్పుడూ దిబ్బ మీద నిలబెట్టలేదా టీచరమ్మా?"

"అడిగాను హనుమక్కా. మూడుసార్లు అడిగాను. అంతా ఒకేసారి చూసుకుందాం అన్నాడు."

"ఎవరు?"

నేను వేదిక వైపు చెయ్యి చూపించాను.

ఆమె ఎట్లా పోయిందో, ఎవరూ ఎందుకు ఆపలేదో నాకు గుర్తు లేదు. మెట్లెక్కి, శాలువలు కప్పుకున్న పెద్దల మధ్య, మునినారాయణప్ప ఎదుట నిలబడింది. చీర నిండా ఎర్రమట్టి.

"నెల రోజులు పదిమందిమి నీ గ్రౌండులోనే ఉంటిమి కదా. ఒక మాట చెప్పింటే నా బిడ్డ ఆడే స్కూలు కాడ ఒక పూటలో దిబ్బ పోసింటిమి. నీకేం అడ్డమొచ్చె?"

"ఈమెను ఎవరు పైకి రానిచ్చారు?" అని అతను అటూ ఇటూ చూశాడు.

"నాతో మాట్లాడు. పొద్దున నేను తెలీక తప్పు చేస్తే నువ్వు నా కులం ఎత్తినావు. ఇప్పుడు నువ్వు తెలిసి చేసిన తప్పుకు నేనేం ఎత్తాలప్పా?"

శాలువల వాళ్ళు తలలు దించుకున్నారు. ఒకాయన దగ్గాడు. మునినారాయణప్ప ఏదో అనబోయి, మైకు పని చేస్తోందని గుర్తొచ్చి మానుకున్నాడు. లేచి వెనక మెట్ల మీదుగా కారెక్కి పోయాడు. అంతే. అతనికి ఏమీ కాలేదు. ఆ ఏడు అతనికి ఇంకో సంఘం అధ్యక్ష పదవి వచ్చింది. కథల్లో అయితే ఏదో ఒకటి జరిగేది.

పొద్దు వాలింది. విదేశీ పిల్లల బస్సులు వెళ్ళిపోయాయి. మాకు మరుసటి రోజు ఇంకో ఆట ఉంది. సంధ్యను దించుతారా అని అడిగితే ప్రధాన కోచ్ "చూద్దాం" అని తప్పించుకున్నాడు. నేను పిల్లలను ఎక్కించి సంధ్య కోసం వెతికితే, ఆమె దిబ్బ మీద ఉంది. ఎదురుగా, పలక వెనక, హనుమక్క గొంతుకూర్చుని ఉంది. సిమెంటు గోనెసంచిని మడతలు పెట్టి రెండు చేతులకూ చుట్టుకుంది.

"మా, నీకు తగులుతుంది."

"తగిలితే నాకు తగులుతాది. నువ్వు విసురు."

మొదటి బంతి ఆమెకు ముందే నేలకు తగిలి ఎగిరి మోచేతికి కొట్టుకుంది. హనుమక్క మోచెయ్యి వైపు చూడను కూడా చూడలేదు. బంతి తీసి వెనక్కి విసిరి, "నా మొగం చూడొద్దు. కాలు యాడ పడతాండాదో చూసుకో" అని కసిరింది. రెండోది తల మీదుగా పోయింది. తిరుపాలు పరిగెత్తి తెచ్చాడు. మునినారాయణప్ప మనిషి వచ్చి గ్రౌండు మూసేయాలన్నాడు. హనుమక్క తల తిప్పలేదు. అతను ఇంకోసారి అన్నాడు. గట్టు మీద కూర్చుని ఉన్న కూలివాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. అతను గేటు దగ్గరికి పోయి అక్కడే ఉన్నాడు.

ఎన్ని బంతులు నేల పాలయ్యాయో నేను లెక్క పెట్టలేదు. ఒకటి మాత్రం దారి తప్పకుండా వచ్చి, నేల తాకకుండా, గోనెసంచి నడిమధ్య దబ్బున పడింది. సంధ్య నవ్వింది. హనుమక్క నవ్వలేదు. ఆమె కోపం ఇంకా దిగలేదు.

"ఊ" అంది. "ఇంకోటి."